వ్యాప్తి అనే హేతువు: తపతీ తీరపు సాక్ష్యం

నాసిక్ సమీపాన త్రిరశ్మి పర్వతంలోని పదవ గుహ గోడ మీద ఉషవదాతుడు వేయించిన శాసనం ఉంది. అతడు దీనికుని కుమారుడు, క్షహరాత క్షత్రపుడైన నహపానుని అల్లుడు, జాతికి శకుడు. శాసనంలో అధికభాగం దానాల పట్టిక. గోవులు, గ్రామాలు, బ్రాహ్మణులకు సంతర్పణలు, ప్రభాస తీర్థంలో కన్యాదానాలు, భరుకచ్ఛ, దశపుర, గోవర్ధన, శూర్పారకాలలో చతుశ్శాలలైన వసతిగృహాలు అందులో వరుసగా వస్తాయి. ఆ వరుసలోనే చదువరులు సాధారణంగా దాటిపోయే చిన్న వాక్యం ఒకటి ఉంది. ఇబా, పారదా, దమనా, తాపీ, కరబేణా, దాహనుకా నదుల మీద బాటసారులను కేవు తీసుకోకుండా దాటించే పడవలను అతడు ఏర్పాటు చేశాడట. ఆ నదులకు రెండు ఒడ్డులా విశ్రాంతి మండపాలు, చలివేంద్రాలు నెలకొల్పాడట.

ఆ తాపీ నేటి తపతీ నది. దాని ఒడ్డున ఈనాడు సూరత్ ఉంది. ఉషవదాతుని కాలానికి, అంటే క్రీ.శ. మొదటి రెండు శతాబ్దాల నాటికి, ఆ పేరుతో నగరం లేదు. సూరత్ రేవుపట్టణంగా ఎదిగినది చాలా శతాబ్దాల తరువాత. కాని నదిని దాటే జనం అప్పటికే ఉన్నారు. వారి సంఖ్య రాజు అల్లుడు పడవలు కట్టించవలసినంతగా ఉండేది. సూరత్‌కు కొద్ది దూరంలో అదే నది మీద ఉన్న కామ్రేజ్‌లో జరిగిన తవ్వకాలలో చారిత్రక యుగపు తొలినాళ్ల ఆవాసం బయటపడింది. ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్ అనే గ్రీకు నావికుల కరదీపికలో, భరుకచ్ఛపు అఖాతం ముఖద్వారం దగ్గర చెప్పిన ‘కమ్మోని’ అనే పల్లె ఇదేనని కొందరు పండితుల అభిప్రాయం.

భారతీయ సంస్కృతి ప్రపంచమంతటా ఎలా వ్యాపించిందో చెప్పే గ్రంథాలలో ఈ తీరానికి దక్కిన చోటు స్వల్పం. ప్రాచీన కాలానికి భరుకచ్ఛం పేరు చెప్పి, ఒక్క దూకున మొగలుల కాలపు సూరత్‌కు, 1613 నాటి ఆంగ్లేయుల వర్తకశాలకు వచ్చేస్తారు. నడుమనున్న పడవవారు, సాలెవారు, భిక్షువులు కనబడరు. ఇది కేవలం విస్మరణ అని సరిపెట్టుకోవడానికి వీలులేదు. ఆ గ్రంథాలు ఎంచుకున్న ప్రశ్నలోనే అటువంటివారికి చోటు లేదు.

ఆ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. రాధాకుముద ముఖర్జీ భారతీయ నౌకాయానాన్ని గురించి 1912లో గ్రంథం ప్రకటించాడు. 1926లో కలకత్తాలో బృహత్తర భారత సంఘం ఏర్పడింది. మరుసటి ఏడు రమేశచంద్ర మజుందారు చంపా రాజ్యంపై రాసిన సంపుటం వెలువడింది. దూరప్రాచ్యంలోని ప్రాచీన భారతీయ వలసరాజ్యాలను గూర్చిన గ్రంథమాలలో అది మొదటిది. పరపాలనలో ఉన్న జాతికి తన పూర్వులు కూడా సముద్రాలు దాటారని, రాజ్యాలు నిలిపారని వినడం ఆనాడు ఎంత అవసరమో ఊహించడం కష్టం కాదు. ఆ తరం పండితుల శ్రమను తక్కువ చేయడం అన్యాయం. శాసనాలను సేకరించి, చదివి, కాలనిర్ణయం చేసి, చంపా, కాంబోజ, సువర్ణద్వీపాల చరిత్రకు పునాదులు వేసినవారిలో వారు ఉన్నారు. అయితే వారు తమ పాలకుల నుంచి ఒక మాటను అరువు తెచ్చుకున్నారు. ‘వలసరాజ్యం’ అనే ఆ మాటలోనే దోషమంతా ఉంది. తమను పాలించిన సామ్రాజ్యానికి ఏ ఆకారం ఉందో, తమ గతానికీ అదే ఆకారం ఉండాలని వారు కోరుకున్నారు.

ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి కొంత మెత్తబడింది. పాఠ్యపుస్తకాలలోనూ వ్యాసాలలోనూ ‘భారతీయ సంస్కృతీ వ్యాప్తి’ అయింది. వలసరాజ్యం కంటె వ్యాప్తి సౌమ్యంగా వినబడుతుంది. కాని ఈ మాటకు బౌద్ధ శాస్త్రాలలో మరొక అర్థం ఉంది. హేతువిద్యలో వ్యాప్తి అంటే హేతువుకూ సాధ్యానికీ గల విడరాని సంబంధం. పొగ ఉన్నచోట నిప్పు ఉండి తీరడం వ్యాప్తి. హేతువు పక్షంలో ఉండాలి, సపక్షంలో ఉండాలి, విపక్షంలో ఉండకూడదు అని దిఙ్నాగుడు నియమించిన మూడు లక్షణాలు భిక్షువులకు కొత్తవి కావు. ఆ ఆచార్యుని హేతువిద్యా రచనను హ్యూయాన్‌త్సాంగ్ ఆంధ్రదేశంతోనే ముడిపెట్టాడు. కనుక బృహత్తర భారతవాదాన్ని ఈ నేల మీద పుట్టిన కొలబద్దతోనే కొలవడం న్యాయం.

వాదాన్ని అనుమాన వాక్యంగా పెడితే ఇలా ఉంటుంది: చంపాదేశంలో భారతీయుల వలసరాజ్యం ఉండేది, అక్కడ భారతీయ లిపిలో సంస్కృత శాసనాలు ఉన్నాయి కనుక. హేతువు పక్షంలో ఉన్నది నిజమే, శాసనాలు ఉన్నాయి. విపక్షంలో లేకపోవాలి కదా? అంటే భారతీయులు ఎన్నడూ ఏలని దేశాలలో భారతీయ లిపీ సంస్కృతమూ కనబడకూడదు. కాని టిబెట్టు లిపి భారతీయ లిపి నుంచి పుట్టింది. అక్కడ భారతీయ రాజ్యం ఏనాడూ లేదు. జపానులో షింగోన్ సంప్రదాయపు భిక్షువులు నేటికీ సిద్ధం లిపిలో సంస్కృత బీజాక్షరాలు రాస్తారు. 9వ శతాబ్దారంభంలో కూకాయ్ ఆ విద్యను చైనా వెళ్లి నేర్చుకుని తెచ్చుకున్నాడు. అక్కడికి వలస వెళ్లి రాజ్యమేలిన భారతీయుడు లేడు. హేతువు విపక్షంలోనూ కనబడుతోంది కనుక అది అనైకాంతికం. వ్యాప్తి సిద్ధించకుండానే వ్యాప్తిని ప్రకటించారన్నమాట.

ఇందుకు ఎదురు తిరిగిన వాదానికి కూడా ఇదే పరీక్ష పెట్టాలి. డచ్చి పండితుడు వాన్ ల్యూర్ 1930లలోనే, ఆగ్నేయాసియా రాజులు తమ అవసరానికి బ్రాహ్మణులను పిలిపించుకున్నారని, చొరవ వారిదేనని వాదించాడు. ఆ తరువాత వోల్టర్స్ వంటివారు, బయటి నుంచి వచ్చినదాన్ని స్థానికులు తమదిగా మలచుకున్న తీరు మీద దృష్టి నిలిపారు. ఈ దిద్దుబాటు అవసరమైనదే. కాని దీనిని అతిగా సాగదీసినవారి చేతిలో భారతీయుడు మాయమైపోయాడు. రాజాస్థానంలో కూర్చున్న పురోహితుడు తప్ప, ఓడ మీద ఎవరూ లేనట్టు అయింది. షెల్డన్ పొలాక్ ప్రతిపాదించిన ‘సంస్కృత విశ్వమండలం’ ఎంతో సుందరమైన భావన. బలప్రయోగం లేకుండా ఒక భాష ఖండమంతటా రాజకీయ గౌరవభాష కావడాన్ని అది సమర్థంగా వివరిస్తుంది. అయితే అది ప్రశస్తుల లోకం, ఆస్థానాల లోకం. పాలి, ప్రాకృతాలలో సాగిన సంఘజీవితం, రేవులలో సాగిన బేరసారాలు అందులో అంచున నిలబడిపోయాయి.

తపతి నుంచి నర్మద దాకా గల తీరం ఏం చెబుతుంది? మొదట జాతకాలు. సుప్పారక జాతకంలో బోధిసత్త్వుడు భరుకచ్ఛపు నావికుల పెద్ద. ఉప్పునీరు కళ్లు పోగొట్టినా, ఏడువందల మంది వర్తకులు బతిమాలి అతడినే మార్గదర్శిగా ఓడ ఎక్కించుకుంటారు. ఎదురైన ఒక్కొక్క సముద్రాన్ని అతడు లక్షణాలు విని పోల్చి చెబుతాడు. సుస్సోంది జాతకంలో భరుకచ్ఛపు వర్తకులు సువర్ణభూమికి బయలుదేరతారు. ఈ కథలను చరిత్రగా చదవనక్కరలేదు. కాని కథ చెప్పినవారికి భరుకచ్ఛం అనగానే గుర్తుకు వచ్చినది సైన్యం కాదు, సముద్రమూ ఓడా గుడ్డి మార్గదర్శీ అన్నది గమనించాలి. పెరిప్లస్ రచయిత కూడా ఈ అఖాతం ఎంత ప్రమాదకరమో చెప్పి, రాజు కొలువులో ఉన్న స్థానిక జాలరులు త్రప్పగ, కోటింబ అనే పడవలలో ఎదురు వెళ్లి పరదేశి ఓడలను లోపలికి నడిపించేవారని రాశాడు. సుప్పారకుని వృత్తి ఆ రేవులో నిజంగానే ఉండేదన్నమాట.

ఇంకొక సాక్ష్యం ఈ శతాబ్దంలోనే వెలుగులోకి వచ్చింది. అరేబియా సముద్రంలోని సొకోత్రా ద్వీపంలో హోక్ అనే సున్నపురాతి గుహ ఉంది. దాని లోలోపలి చీకటిలో సుమారు 250 లేఖనాలు, చిత్రాలు దొరికాయి. పామైరా అరమాయిక్‌లో రాసిన క్రీ.శ. 258 నాటి చెక్క పలక, గ్రీకు, దక్షిణ అరబ్బు, ఇథియోపియా, బాక్ట్రియా లేఖనాలు కొన్ని ఉన్నా, అత్యధికం బ్రాహ్మీ లిపిలోనివి. ఇంగో స్ట్రౌఖ్ సంపాదకత్వంలో 2012లో అవి సమగ్రంగా ప్రచురితమయ్యాయి. రాసినవారు నావికులు, వర్తకులు. చాలామంది రాసినది తమ పేరు, తండ్రి పేరు, తాము వచ్చామన్న సంగతి. కొందరు తమ ఊరి పేరు కూడా చెక్కారు. వాటిలో భరుకచ్ఛం ఉంది, సౌరాష్ట్ర తీరపు హస్తకవప్రం ఉంది.

ఇక్కడ హేతువిద్య మళ్లీ పనికి వస్తుంది. కొన్ని శతాబ్దాల పాటు భారతీయులు రాకపోకలు సాగించిన ద్వీపమది. వారి చేతిరాతే సాక్ష్యం. అయినా సొకోత్రాలో భారతీయ రాజ్యం పుట్టలేదు, సంస్కృతం రాజభాష కాలేదు, దేవాలయ శిఖరాలు లేవలేదు. మనుషులు వెళ్లినంత మాత్రాన సంస్కృతి పాతుకోదు. టిబెట్టు, జపానులు మరొక వైపు నుంచి చెప్పిన సంగతి కూడా ఇదే: పాతుకున్నంత మాత్రాన మనుషులు గుంపులుగా వలస వెళ్లినట్టు కాదు. రాకపోకకూ స్వీకారానికీ మధ్య ఎవరు నిలబడ్డారు, ఎందుకు స్వీకరించారు, దేనిని వదిలారు అన్నవి వేరే ప్రశ్నలు. పాత గ్రంథాలు ఈ రెండింటినీ ఒకే ముడిగా వేశాయి.

ఎర్రసముద్రపు ఒడ్డున ఈజిప్టులోని బెరెనికే రేవులో, ఐసిస్ దేవాలయ ప్రాంగణంలో దొరికిన బుద్ధ విగ్రహం సంగతి 2023లో ప్రకటించారు. ఎత్తు 71 సెంటీమీటర్లు, కాలం బహుశా రెండవ శతాబ్దం. వార్త రాగానే భారతీయ పత్రికలలో పొంగిన ఉత్సాహం తెలిసినదే. ఆ ఉత్సాహంలో చాలామంది చదవని వాక్యం ఒకటి ఉంది: ఆ చలువరాయి నేటి ఇస్తాంబుల్ ప్రాంతపుదనీ, విగ్రహాన్ని ఈజిప్టులోనే, బహుశా అలెగ్జాండ్రియాలో చెక్కి ఉండవచ్చుననీ తవ్వకాలు జరిపినవారి అభిప్రాయం. అదే ఆలయంలో రోమను చక్రవర్తి ఫిలిప్ కాలానికి (క్రీ.శ. 244–249) చెందిన సంస్కృత శాసనం కూడా దొరికింది. ఐసిస్ ముంగిట, మధ్యధరా ప్రాంతపు రాయిలో, రోమను ప్రపంచపు శిల్పి చేతిలో రూపు దిద్దుకున్న శాక్యముని! దీనిని ‘భారతీయ కళ ఎగుమతి’ అనే శీర్షిక కింద పెడితే విగ్రహంలోని అసలు విశేషమే పోతుంది. ఎగుమతి అయిన బొమ్మ కంటె, అక్కడే ఎవరో కావాలని చేయించుకున్న బొమ్మ ఎక్కువ చెబుతుంది.

ధర్మం బయటికి వెళ్లడమే కాదు, ఈ తీరానికి ధర్మం ఎలా వచ్చిందని అడిగినా ఏకముఖ చిత్రం నిలవదు. మహావంశం చెప్పిన ప్రకారం, మూడవ సంగీతి తరువాత మొగ్గలిపుత్త తిస్సుడు దిక్కులకు పంపిన థేరులలో అపరాంతానికి, అంటే ఈ పశ్చిమ తీరానికి, వెళ్లినవాడు ధర్మరక్షితుడు. అతడి పేరుకు ముందు ‘యోన’ అనే విశేషణం ఉంది. యవనుడు! సువర్ణభూమికి వెళ్లిన సోణ, ఉత్తరులను విశ్వవ్యాప్తి గ్రంథాలు తప్పక పేర్కొంటాయి; యోన ధర్మరక్షితుని మీద అంత ప్రేమ చూపవు. గుజరాతు తీరపు ప్రజలకు అగ్గిక్ఖంధోపమ సుత్తం వినిపించిన ఉపదేశకుడు గ్రీకు సంతతివాడని సంప్రదాయం తానే నిస్సంకోచంగా చెబుతూ ఉండగా, ఆధునిక గ్రంథకర్తకు సంకోచమెందుకు?

నాగార్జునకొండ ఇదే మాటను ఆంధ్రదేశం నుంచి చెబుతుంది. వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరంలో ఉపాసిక బోధిశ్రీ చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. ఆ శాసనంలో కశ్మీర, గాంధార, చీన, చిలాత, తోసలి, అవరంత, వంగ, వనవాసి, యవన, దమిళ, పలూర, తంబపంణి ద్వీపాలను ధర్మప్రసన్నం చేసిన ఆచార్యుల ప్రశంస ఉంది. ఆ ఆచార్యులు తామ్రపర్ణికి చెందినవారు, సింహళ సంప్రదాయపు థేరులు. వారి కోసమే చైత్యగృహం. విజయపురి లోయలో సీహళ విహారం కూడా ఉండేదని అదే శాసనం చెబుతుంది. అంటే మూడవ శతాబ్దంలో కృష్ణాతీరపు దాత దృష్టిలో ధర్మప్రచార ఘనత లంకది. ఆంధ్రదేశం ఇచ్చినదీ, పుచ్చుకున్నదీ ఒకే రాతి మీద ఉన్నాయి. ఆ పట్టికలోని అవరంతమే పాలి గ్రంథాల అపరాంతం. కృష్ణ ఒడ్డున కూర్చున్న ఉపాసికకు తపతి వైపు తీరం ధర్మభూగోళంలో ఒక భాగం.

ఇటువంటి ఎదురు ప్రవాహాలకు ఉదాహరణలు తరువాతి శతాబ్దాలలోనూ ఉన్నాయి. సువర్ణద్వీపపు రాజు బాలపుత్రదేవుడు నాలందలో విహారం కట్టించి, దాని పోషణకు ఐదు గ్రామాలు ఇప్పించమని పాలరాజు దేవపాలుని కోరాడు. అతీశ దీపంకరుడు బోధిచిత్త సాధన నేర్చుకోవడానికి సువర్ణద్వీపంలోని ధర్మకీర్తి దగ్గరకు ఓడ ఎక్కి వెళ్లి పన్నెండేళ్లు ఉన్నాడు. టిబెట్టుకు ఆయన తీసుకుపోయిన ఉపదేశంలో సుమత్రా భాగం ఎంతో టిబెట్టు సంప్రదాయానికి బాగా తెలుసు.

మళ్లీ ఉషవదాతుని గుహకు రావాలి, ఎందుకంటే ఆ గుహలోనే మరొక శాసనంలో అన్నిటికంటె విలువైన సమాచారం ఉంది. నహపానుని 42వ సంవత్సరంలో అతడు ఆ గుహను చాతుర్దిశ సంఘానికి ఇచ్చి, మూడువేల కార్షాపణాల అక్షయనీవి ఏర్పరచాడు. దానిని గోవర్ధనంలోని రెండు సాలెవారి శ్రేణులలో, శాసనం మాటలో ‘కొలిక నికాయ’లలో, జమ చేశాడు. ఒకదానిలో రెండువేలు, నెలకు నూటికి ఒక కార్షాపణం వడ్డీ. రెండవదానిలో వెయ్యి, నెలకు నూటికి ముప్పావు. తెలుగు పల్లెలలో నేటికీ వినిపించే రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ లెక్క ఇదే! అసలు తిరిగి ఇవ్వనక్కరలేదు, వడ్డీ మాత్రమే అనుభవించాలి. మొదటి పద్దు మీద నెలకు ఇరవై చొప్పున ఏడాదికి 240 కార్షాపణాలు వస్తాయి. అది చీవరాల ఖర్చు. గుహలో వర్షావాసం గడిపే ఇరవై మంది భిక్షువులకు తలకు పన్నెండు. లెక్క సరిగ్గా సరిపోయింది. రెండవ పద్దు మీద వచ్చే తొంభై మరొక ఖర్చుకు. ఈ ఏర్పాటును నిగమసభలో చదివి వినిపించి, పద్ధతి ప్రకారం పలకల మీద నమోదు చేయించారు.

ఈ నాలుగు పంక్తులలో ఒక వ్యవస్థ పనిచేసిన తీరు కనబడుతుంది. దాత శకుడు, బ్రాహ్మణులకు వేలాదిగా దానాలు చేసినవాడే బౌద్ధ సంఘానికి గుహ తొలిపించాడు. పెట్టుబడి పుచ్చుకున్నవారు నేతగాళ్లు. ఏటా నూటికి పన్నెండు చెల్లించగలిగారంటే వారి మగ్గాలకు స్థిరమైన గిరాకీ ఉండి తీరాలి. ఆ గిరాకీ ఎక్కడిది? పెరిప్లస్ చెబుతుంది: పైఠాన్ భరుకచ్ఛానికి దక్షిణంగా ఇరవై రోజుల ప్రయాణం, తగర (నేటి తేర్) అక్కడికి తూర్పున పది రోజులు, తగర నుంచి బండ్ల మీద రకరకాల వస్త్రాలు భరుకచ్ఛానికి దిగుతాయి, వాటిలో కొంత సముద్రతీర ప్రాంతాల నుంచి తగరకు చేరిన సరకు. తూర్పు తీరంలో మసలియా దేశాన విస్తారంగా సన్నబట్టలు తయారవుతాయని అదే గ్రంథం మరొకచోట అంటుంది. మసలియా అంటే కృష్ణా ముఖద్వారపు ప్రాంతం. కృష్ణాతీరపు నేత బట్ట దక్కను దాటి భరుకచ్ఛపు ఓడలకు చేరిన మార్గం ఇదేనని పలువురు చరిత్రకారులు గ్రహించారు. తపతి మీది ఉచిత పడవలనూ, గోవర్ధనపు సాలెవారి వడ్డీనీ, సొకోత్రా గుహలోని పేర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, సంస్కృతి ప్రయాణించడానికి కావలసిన అడుగు మడుగు అంతా అక్కడే ఉంది. రాజుల దిగ్విజయాల నుంచి మొదలుపెట్టే గ్రంథాలకు ఇది అంకెల చిట్టాగా తోచడం ఆశ్చర్యం కాదు.

బట్ట విషయంలో కూడా ‘ప్రభావం’ అనే మాట జాగ్రత్తగా వాడాలి. గుజరాతు అద్దకపు బట్టల ముక్కలు ఈజిప్టులోని ఫుస్తాత్‌లో గుట్టలుగా దొరికాయి. ఇండోనేషియాలోని సులవేసి కొండలలో తొరాజా జనులు తరతరాలుగా పవిత్ర వస్తువులుగా దాచుకున్న పాత బట్టలలో గుజరాతువి ఉన్నాయి. కొన్నింటి వయస్సు ఐదారు వందల ఏళ్లని పరీక్షలలో తేలింది. పాటణ్ పటోలాలు జావా, బాలి, సుమత్రాలలో రాచరిక చిహ్నాలై, అక్కడి నేతకు నమూనాలయ్యాయి. ఇంతవరకు వ్యాప్తి. కాని ఏనుగుల వరుసలతో నేసిన పెద్ద పటోలాలు ఆ ద్వీపాల గిరాకీ కోసమే తయారయ్యాయి. కొనేవారి అభిరుచి నేసేవారి చేతిని నడిపించింది. అలాగే మచిలీపట్నపు కలంకారీ పారశీకుల కోసం ఒక రకంగా, మలయా ద్వీపాల కోసం మరొక రకంగా మారింది. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో, 1613లో సూరత్‌లో కొట్లు పెట్టింది ఇలా శతాబ్దాలుగా కొనేవారూ నేసేవారూ కలిసి పెంచిన సంత కోసమే.

తెలుగు పరిశోధకులకు ఇంకొక ప్రలోభం ఉంది. అది అమరావతి శైలి. 1921లో సులవేసిలోని సికెండెంగ్ వద్ద దొరికిన కంచు బుద్ధుడిని, వియత్నాంలోని దోంగ్ దువోంగ్ బుద్ధుడిని ఎన్నో తెలుగు వ్యాసాలు నేరుగా అమరావతి శిల్పుల ఖాతాలో వేశాయి. తొలినాటి పండితులు అలా అన్నమాట నిజం. తరువాతివారిలో చాలామందికి చీవరపు మడతలలో, అంగవిన్యాసంలో లంకలోని అనూరాధపుర సంప్రదాయమే ఎక్కువగా కనబడింది. అమరావతి ఆ సంప్రదాయానికి మాతృక అయినా, విగ్రహం వచ్చిన దారి లంక మీదుగా కావచ్చు. దీనివల్ల కృష్ణాలోయకు కొరత లేదు. బోధిశ్రీ తన శాసనంలో లంక థేరులకు ఇచ్చిన గౌరవాన్ని ఆమె వారసులు లంక శిల్పులకు ఇవ్వలేకపోవడం మాత్రం కొరతే. హ్యూయాన్‌త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చేసరికే అక్కడి సంఘారామాలు అత్యధికం పాడుపడి, ఇరవై మాత్రమే మిగిలాయి. భరుకచ్ఛంలో ఆయన చూసినవి పది విహారాలు, మూడువందల మంది భిక్షువులు. ప్రజలు సముద్రం మీదే బతుకుతారని రాశాడు. రెండు చోట్లా ఆయన రాసినది ఉన్నది ఉన్నట్టు. (ఆయన యాభై విహారాలు ఉన్నాయన్న ‘సు-ల-చ’ దేశం సౌరాష్ట్రం. ఉజ్జయంతగిరి ప్రసక్తి దానిని గిర్నార్ దగ్గర నిలుపుతోంది. పేరు పోలికను పట్టుకుని ఆ విహారాలను సూరత్‌కు అంటగట్టరాదు.)

దక్షిణ గుజరాతులో సంఘం అంతటితో అంతరించలేదు. శక 789, అంటే క్రీ.శ. 867లో, గుజరాతు రాష్ట్రకూట శాఖకు చెందిన దంతివర్మ కాంపిల్య విహారంలోని ఆర్యసంఘానికి గ్రామదానం చేస్తూ తామ్రశాసనం ఇచ్చాడు. హ్యూయాన్‌త్సాంగ్ తరువాత రెండు శతాబ్దాలకు పైగా గడిచిన కాలమిది. విశ్వవ్యాప్తి గ్రంథాలు అప్పటికి దృష్టినంతా జావాకు మళ్లించి ఉంటాయి. వెలుపల బొరోబుదూరు వెలసిన శతాబ్దంలో ఇంట భిక్షువులు ఎలా బతికారో వాటికి పట్టదు.

ఈ చర్చ గ్రంథాలయాలకు పరిమితమైనది కాదు. దేవ్‌నీ మోరీ స్తూపాన్ని 1960ల ఆరంభంలో తవ్విన తరువాత ఆ స్థలం మేశ్వో జలాశయంలో మునిగిపోయింది. నాగార్జునకొండ లోయకు పట్టిన గతి ఆంధ్రదేశానికి వేరే చెప్పనక్కరలేదు. రెండు చోట్లా మిగిలినవి వస్తువులు, వాటి పక్కన రాసిన పలకలు. స్థలం పోయినచోట పలకే స్థలం. ‘భారతీయ ప్రభావం’ అనే రెండు మాటలతో దానిని నింపితే, సింహళ విహారపు థేరులు, యవన ధర్మరక్షితుడు, శక దాత, సాలెవారి శ్రేణి, అందరూ రెండవసారి నీటిలో మునిగినట్టే. కామ్రేజ్ వంటి స్థలం విషయంలో ప్రమాదం మరొక విధమైనది. అక్కడ స్తూపమో పెద్ద విగ్రహమో బయటపడితే తప్ప బౌద్ధ వారసత్వ యాత్రాపటాలలో చోటు దొరకదు. రేవు, పూసలు, కుండపెంకులు యాత్రికుడిని ఆకర్షించవు. కాని ఉషవదాతుని శాసనం దృష్టిలో పెట్టుకుంటే, భిక్షువు చీవరానికి ఖర్చు సమకూర్చిన సంతను వదిలి భిక్షువు నివసించిన గుహను మాత్రమే వారసత్వం అనడం సగం లెక్క చెప్పి ఊరుకోవడమే.

ఆ లెక్కలోని రెండవ సగం సూరత్‌లో నేటికీ నడుస్తోంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి పేటలలో తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉంది. పూర్వం కృష్ణాతీరపు బట్ట తగర మీదుగా ఈ తీరానికి వచ్చేది. ఇప్పుడు బట్ట నేసే చేతులే వచ్చాయి. భారతీయ సంస్కృతీ వ్యాప్తిని గురించి ఆ పిల్లలకు చెప్పవలసి వస్తే, చంపా రాజుల వంశావళి కంటె ముందు, తమ పేట పక్కన పారే నదిని ఒకప్పుడు కేవు లేకుండా దాటించేవారని, ఆ దాత తమవంటి నేతగాళ్ల దగ్గర సొమ్ము దాచి ఇరవై మంది భిక్షువులకు ఏటేటా బట్టలు ఏర్పాటు చేశాడని చెప్పడానికి కావలసిన ఆధారాలన్నీ నాసిక్ గోడ మీద ఉన్నాయి.